చెమట పట్టించడానికీ ఒక క్రమమున్నది

నార్సింగి, కోకాపేట, మంచిరేవుల, పుప్పాలగూడ ప్రాంతాలలో వెలసిన అపార్ట్‌మెంట్ సముదాయాల ప్రచార పత్రాలను చూస్తే, ఈత కొలను, వ్యాయామశాలల సరసన మరొక సౌకర్యం పేరు తరచుగా కనిపిస్తున్నది. కొన్నిచోట్ల దానిని స్టీమ్ అంటున్నారు. కొన్నిచోట్ల సోనా అంటున్నారు. మరికొన్నిచోట్ల టర్కిష్ హమామ్ అని ఘనంగా పేరు పెడుతున్నారు. నా వైద్యశాలకు వచ్చేవారిలో పలువురు నాడి చూపించుకున్న తరువాత, లేవబోతూ అడిగే ప్రశ్న కూడా ఇదే: "వైద్యులుగారూ, మా క్లబ్‌హౌస్‌లో ఆవిరి గది ఉన్నది, వారానికి ఎన్నిసార్లు కూర్చోవచ్చు?"

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఎందుకంటే చెమట పట్టించడమన్నది మన శాస్త్రంలో విలాసం కాదు, ఒక కర్మ. దానికి స్వేదనమని పేరు. చికిత్సకు నాలుగు పాదాలున్నవని ఆయుర్వేదం చెబుతున్నది: వైద్యుడు, ఔషధ ద్రవ్యం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగూ సరిగా కుదిరితేనే చికిత్స నిలబడుతుంది. నేడు మనం డబ్బు పోసి కట్టించుకుంటున్న ఆవిరి గదులలో ఆవిరి అనే ద్రవ్యం పుష్కలంగా ఉన్నది. తక్కిన పాదాలలో పరిచారకుడు పూర్తిగా లోపించాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదే.

ఇస్తాంబుల్‌లో చూసినది

మా అమ్మాయి, అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద జర్మనీలో ఉంటున్నారు. వారిని చూసి తిరిగి వచ్చేటప్పుడు ఇస్తాంబుల్ నగరంలో మూడు రోజులు ఆగే అవకాశం కలిగింది. ఆ నగరంలో హమామ్‌లకు శతాబ్దాల చరిత్ర ఉన్నది. సుప్రసిద్ధ శిల్పి మిమార్ సినాన్ 1556లో హుర్రెమ్ సుల్తాన్ పేరిట, 1584లో నూర్బానూ సుల్తాన్ కోసం నిర్మించిన స్నానశాలలు నేటికీ నిలిచి ఉన్నవి. రోమనులు నేల కింద వేడిగాలిని ప్రసరింపజేసి స్నానశాలలను కాచుకునే విధానాన్ని తుర్కులు గ్రహించి, తమ ధర్మానికి, ఆచారానికి తగినట్టు మార్చుకున్నారు. మేము వెళ్లినది అంతటి పేరున్న చోటు కాదు. ఒక పాత పేటలో, ఇరుగుపొరుగు వారు వారం వారం వచ్చిపోయే స్నానశాల. జీవితంలో మొదటిసారి హమామ్‌లో అడుగుపెట్టిన నేను వైద్యుడి కళ్లతోనే దానిని చూశాను.

ముందుగా ఒక చల్లని గది. అక్కడ బట్టలు విడిచి, నడుముకు పెష్తెమాల్ అనే పలుచని నేత వస్త్రం చుట్టుకోవాలి. అది మన తువ్వాలుకు అన్నదమ్ము వంటిది. పూర్వం కాళ్లకు కొయ్య పాదుకలు ఇచ్చేవారట. మన పాంకోళ్లను తలపించే ఆ పాదుకలు ఇప్పుడు అక్కడి గోడకు అలంకారంగా వేలాడుతున్నవి. తరువాత ఒక గోరువెచ్చని గది. అక్కడ పది నిమిషాలు కూర్చోబెట్టిన తరువాతే లోపలి వేడి గదిలోకి పంపుతారు. ఆ గది నడుమ పెద్ద చలువరాతి అరుగు ఉన్నది. దానికి వారి భాషలో బొడ్డురాయి అని పేరు. శరీరానికి నాభి ఎలాగో ఆ గదికి ఆ రాయి అలాగ. కింద నుంచి వచ్చే వేడికి ఆ రాయి సమంగా కాగి ఉంటుంది. పైన గుమ్మటంలో గుండ్రని చిన్న చిన్న గాజు కన్నాల గుండా వెలుగు దిగుతుంది. చుట్టూ గోడల వెంట చలువరాతి తొట్లు. వాటికి అడుగున నీరు పోయే మార్గముండదు. తొట్టిలో దిగి స్నానం చేయరు. పారే నీటిని గిన్నెతో ముంచుకొని పోసుకుంటారు. నిలువ నీటిలో మునగడం వారి దృష్టిలో శుద్ధి కాదు. చెంబుతో ముంచి పోసుకునే మన అలవాటుకు ఇది ఎంత దగ్గరో పాఠకులు గమనించగలరు.

రాతి మీద పడుకున్న కొద్ది నిమిషాలకే నుదుటి మీద, ఛాతీ మీద చెమట పుట్టింది. అప్పుడు తెల్లక్ అనే పరిచారకుడు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను 'అమ్‌జా' అని పిలిచాడు. తండ్రి సోదరుడికి వాడే మాట అది. పెద్దవారైన పరాయి మగవారినీ అక్కడ అలాగే పిలుస్తారట. మన ఊళ్లలో కుర్రవాడు ముసలాయనను బాబాయ్ అనడం వంటిదే. అతడు మొదట నా ముఖం రంగు చూశాడు. తరువాత మోచేతి మీద చేయి వేసి చర్మం మెత్తబడినదో లేదో చూశాడు. ఆ తరువాతే కెసె అనే గరుకు తొడుగు చేతికి వేసుకొని వీపు నుంచి మొదలుపెట్టి పాదాల వరకు రుద్దాడు. నలుగు పెట్టినప్పుడు మన ఒంటి నుంచి రాలే మట్టి వంటిదే బొటబొట రాలింది. పిమ్మట గుడ్డసంచిలో గాలి నింపి పిండగా వచ్చిన సబ్బు నురగను దుప్పటిలా కప్పాడు. గోరువెచ్చని నీరు, ఆపైన కొంచెం చల్లని నీరు పోశాడు.

నా పక్కన పడుకున్న నడివయస్కుడు ఇంకా కొంతసేపు రాతి మీదే ఉన్నాడు. నన్ను మాత్రం లేపి బయటికి నడిపించాడు. ఇంకొంచెం సేపు ఉంటానని నేను సైగ చేస్తే తల అడ్డంగా ఊపి, తన నెత్తి మీద నెరిసిన జుట్టు ఉన్నట్టు చేయి తిప్పి చూపించాడు. పొడి వస్త్రాలు ఒంటికీ తలకూ చుట్టి, చల్లని గదిలో అరగంట కూర్చోబెట్టి, చిన్న గాజు గ్లాసులో తేనీరు ఇచ్చాడు. అతడు వైద్యశాస్త్రం చదివినవాడు కాడు. ఎంతమేరకు చాలో, ఎవరికి ఎప్పుడు ఆపాలో చేతికి తెలిసినవాడు. పరిచారకుడికి శాస్త్రం చెప్పిన లక్షణాలలో సేవా విధానం తెలిసి ఉండటం, దక్షత, రోగి పట్ల అనురాగం, శుచిత్వం ఉన్నవి. ఈ నాలుగూ ఆ యువకుడిలో నాకు కనిపించినవి.

పాఠంలోని గుడిసె

గురుకులంలో చరక సంహిత సూత్రస్థానంలోని స్వేదాధ్యాయాన్ని గురువుగారు మాచేత కంఠస్థం చేయించారు. అగ్ని సహాయంతో చేసే స్వేదాలు 13 రకాలుగా అక్కడ చెప్పబడినవి. వాటిలో జెంతాక స్వేదం ఒకటి. తక్కిన వాటిలో మూటకాపు, గొట్టంతో ఆవిరి పట్టడం, కషాయంతో తడపడం, కాగిన నీటి తొట్టిలో కూర్చోబెట్టడం వంటివి మా వైద్యంలో నిత్యం వాడుకలో ఉన్నవే. జెంతాకాన్ని మాత్రం నేను ఎక్కడా కళ్లారా చూడలేదు. నలభై ఏళ్లకు పైగా అది నాకు మాటలలోనే ఉండిపోయింది.

ఆ వర్ణన సంగ్రహంగా ఇది. మంచి నేల చూసుకొని, చెరువుకో కొలనుకో సమీపంలో, గుండ్రని ఇల్లు కట్టాలి. ఎత్తు, వెడల్పు 16 అరత్నులు. మోచేతి నుంచి చాచిన చిటికెన వేలి కొన వరకు ఉండే కొలత అరత్ని. అంటే ఇరవై అడుగులకు పైబడిన ఇల్లు. మట్టితో మెత్తగా అలికి, గాలి ఆడే కిటికీలు పెట్టాలి. లోపల గోడ వెంబడి తలుపు వరకు ఒక అరత్ని ఎత్తున, అంతే వెడల్పున అరుగు కట్టాలి. నడుమ మనిషి నిలువెత్తున సన్నని రంధ్రాలున్న మట్టి కొలిమి నిలపాలి. అందులో చండ్ర మొదలైన కట్టెలు కాల్చి, పొగ పూర్తిగా పోయిన తరువాత, ఒంటికి తైలం పట్టించుకొని వస్త్రం కప్పుకున్న రోగిని లోపలికి పంపాలి.

ఇక్కడ శాస్త్రకారుడు చేసిన ఒక హెచ్చరిక నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది. వేడికి కళ్లు తిరిగినా సరే ఆ అరుగును వదలవద్దని, వదిలితే తలుపు దొరకక ప్రాణానికే ముప్పు రావచ్చునని రోగికి ముందే చెప్పాలట. ఒళ్లు తేలికపడి, చెమట బాగా పట్టి, బిగువు, బరువు తగ్గినట్టు తెలియగానే అరుగును పట్టుకొనే తలుపు వరకు రావాలి. బయటికి రాగానే కళ్ల రక్షణ కోసం చన్నీళ్లు ముట్టకూడదు. కాసేపు విశ్రమించి, తాపం తగ్గిన తరువాత గోరువెచ్చని నీటితో స్నానం చేసి భోజనం చేయాలి. బల్ల ఎత్తు మొదలు బయటికి వచ్చే దారి దాకా ఇంత వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. వేడి గదిలో మనిషి స్పృహ తప్పగలడని వారికి తెలుసు.

ఇస్తాంబుల్‌లో ఆ చలువరాతి అరుగు మీద పడుకున్నప్పుడు నాకు ఈ అధ్యాయమంతా వరుసగా గుర్తుకు వచ్చింది. ఇది మన దగ్గర నుంచి వెళ్లినదా, వారి నుంచి మనకు వచ్చినదా అన్న చర్చలోకి నేను వెళ్లను. వేడిని మందుగా వాడిన ప్రతి జాతీ ఒకే రకమైన జాగ్రత్తలకు చేరుకున్నది. అది గమనించదగిన విషయం.

మన గడపలోనే ఒక హమామ్

హమామ్ మన నేలకు కొత్తదేమీ కాదు. నార్సింగి నుంచి తారామతి బారాదరి మీదుగా వెళితే పది కిలోమీటర్ల లోపే కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం వస్తుంది. గోల్కొండ రాజ్య స్థాపకుడైన సుల్తాన్ కులీ కుతుబ్ షా హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చిన తుర్కమాన్ వంశీయుడు. ఆ సమాధుల ప్రాంగణంలో ఆ వంశీయుల కాలపు హమామ్ ఒకటి ఉన్నది. మరణించిన రాజకుటుంబీకులకు అంత్యస్నానం చేయించిన చోటుగా అది ప్రసిద్ధి. వేడినీరు, చన్నీరు వేరువేరుగా పారడానికి ఏర్పాట్లు, నడుమ పెద్ద అరుగు అందులో కనిపిస్తాయి. 2013లో మొదలైన పునరుద్ధరణ పనులలో భాగంగా ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ఆ కట్టడాన్ని కూడా బాగుచేసింది. సెలవు దినాన పిల్లలతో వెళ్లి చూడదగినది.

మరొక సంగతి. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే మనవాడు ఇంగ్లండుకు వెళ్లి, బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానంతో పాటు ఒళ్లు మర్దించే వైద్యశాల నడిపి, అక్కడి రాజు నాలుగవ జార్జికి కూడా సేవ చేశాడు. దీనిపై 1822లో ఒక పుస్తకం కూడా రాశాడు. నేడు మనం సీసాలలో కొంటున్న షాంపూ అన్న మాట మన చంపీ నుంచి, అంటే ఒత్తి మర్దించడం నుంచి పుట్టినదే. చేతితో చేసే సేవకు పుట్టిన పేరు, చివరకు చేయి అక్కరలేని సరుకుకు మిగిలింది. ఆవిరి గదుల విషయంలోనూ ఇదే జరుగుతున్నదని నా భయం.

యంత్రం బాగానే ఉన్నది

కొద్ది నెలల క్రితం నా వద్దకు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వచ్చాడు. వయసు 38. అమెరికా వేళలకు తగినట్టు రాత్రంతా మేలుకొని పనిచేసే ఉద్యోగం. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాడు. ఒకనాటి ఉదయం ఉద్యోగం ముగించి, అల్పాహారం తినకుండా, కాఫీ మాత్రం తాగి, తమ సముదాయంలోని ఆవిరి గదికి ఒంటరిగా వెళ్లాడు. బడలిక తీరుతుందని అరగంటకు పైగా కూర్చున్నాడు. లేవబోతే కళ్లు చీకట్లు కమ్మి, పలకల నేల మీద పడి నుదురు చిట్లింది. ఎంతసేపు పడి ఉన్నాడో అతడికి తెలియదు. శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి తలుపు తీసి చూడబట్టి బయటపడ్డాడు. ఆసుపత్రిలో కుట్లు వేయించుకొని, ఆపైన నెల రోజులు నీరసంతో బాధపడి నా వద్దకు వచ్చాడు.

అతడి భార్య ఆ సముదాయం సంఘానికి ఫిర్యాదు చేస్తే, నిర్వహణ చూసేవారు వచ్చి పరీక్షించి, "యంత్రం బాగానే ఉన్నది" అని జవాబు రాసి ఇచ్చారట. నిజమే. యంత్రంలో దోషమేమీ లేదు. వేడిని కొలిచే మీట ఉన్నది, కాలం కొలిచే గడియారం ఉన్నది. లోపల కూర్చున్న మనిషి రాత్రి నిద్రపోయాడా, ఏమి మింగాడు, ముఖం రంగు ఎలా మారుతున్నది అని చూసే కళ్లు మాత్రం లేవు.

అతడి పరిస్థితి శాస్త్రం వేలెత్తి చూపిన నిషేధాలకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. అలసిపోయినవాడు, ఆకలితో, దప్పికతో ఉన్నవాడు స్వేదనానికి తగడని స్పష్టంగా చెప్పబడినది. రాత్రి జాగరణ వాతాన్ని పెంచి శరీరాన్ని ఎండగడుతుంది. ఎండిన కట్టెను నూనె రాయకుండా కాచి వంచబోతే విరుగుతుంది. నూనె పట్టించి కాస్తే వంగుతుంది. స్వేదనానికి ముందు స్నేహనం, అంటే తైలం పట్టించడం, తప్పనిసరి అనడానికి మన ఆచార్యులు చెప్పిన ఉపమానం ఇదే.

హమామ్‌కు, మన పద్ధతికి ఉన్న ముఖ్యమైన తేడా కూడా ఇక్కడే ఉన్నది. వారు గరుకు తొడుగుతో రుద్దుతారు, మనం ముందు నూనె పట్టిస్తాము. చలి ఎక్కువగా ఉండి, శరీరంలో కఫం పేరుకునే ప్రాంతాలకు రూక్షమైన ఆ మర్దనం చక్కగా సరిపోతుంది. వేసవిలో దక్కను పీఠభూమి ఎండకు ఎండి, పగలంతా ఏసీ గదుల పొడిగాలిలో కూర్చొని, రాత్రిళ్లు మేలుకొనే మనవారికి తైలం లేని వేడి మేలుకంటే కీడే చేయగలదు.

ఎవరికి తగదు?

ఈ కింది వారు వైద్యుని సలహా లేనిదే ఆవిరి గదికి, హమామ్‌కు వెళ్లరాదు:

గర్భిణులు. గుండె జబ్బున్నవారు. రక్తపోటుకు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేటట్టు చేసే మాత్రలు వాడేవారు. మధుమేహం ఉన్నవారు: వీరిలో కొందరికి పాదాల స్పర్శ తగ్గి కాలినా తెలియదు, ఇన్సులిన్ తీసుకునేవారిలో వేడికి మందు త్వరగా ఒంటబట్టి చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. మద్యం సేవించినవారు. జ్వరం, విరేచనాలు, కామెర్లు ఉన్నవారు. ముక్కు నుంచి గానీ మరే మార్గాన గానీ రక్తం పడేవారు. మిక్కిలి కృశించినవారు, మిక్కిలి స్థూలకాయులు. కోపంతో, శోకంతో ఉన్నవారిని కూడా శాస్త్రం వారించినది. మనసు కుదుటపడని వేళ ఒంటికి వేడి పెట్టవద్దని దాని భావం.

స్వేదనం చేసేటప్పుడు కళ్లు, గుండె, వృషణాలను వేడి నుంచి కాపాడాలని కూడా చెప్పారు. అందుకే కళ్ల మీద చల్లని తడిగుడ్డ, ఛాతీ మీద చల్లని వస్తువు ఉంచడం మా సంప్రదాయం.

చెమటతో ఏమి పోతుంది?

ఒంట్లోని విషాలన్నీ చెమటగా కారిపోతాయని, వారంలో ఇన్ని కిలోలు తగ్గుతారని ప్రకటనలు వస్తున్నవి. వీటిని నమ్మవద్దు. చెమటలో ఉండేది ప్రధానంగా నీరు, ఉప్పు. ఆవిరి గది నుంచి రాగానే తగ్గిన బరువు రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగి వస్తుంది. మన శాస్త్రం కూడా స్వేదనాన్ని పూర్వకర్మగానే పరిగణించింది. బిగుసుకున్నవాటిని సడలించి, దోషాలను కదిలించడం దాని పని. వాటిని వెడలగొట్టడం తరువాత చేసే వమన విరేచనాది కర్మల పని. నేల దున్నినంత మాత్రాన పంట చేతికి రాదు.

అట్లని వేడివల్ల ప్రయోజనం లేదని నా వాదన కాదు. కీళ్ల బిగువు, నడుము పట్టు, మెడ నొప్పి, ఒంటి బరువు, చలికాలపు ఒళ్లునొప్పులకు స్వేదనం దివ్యంగా పనిచేస్తుందని నా అనుభవం. ఫిన్లాండ్ దేశంలో నడివయసులో ఉన్న 2,315 మంది పురుషులను సుమారు ఇరవై ఏళ్లు గమనించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, తరచుగా సోనా స్నానం చేసేవారిలో గుండె సంబంధిత మరణాలు తక్కువగా కనిపించినవి. అయితే వారు పసితనం నుంచి ఆ వేడికి అలవాటుపడినవారు, చలిదేశంవారు. వారి లెక్కను యథాతథంగా గండిపేట ఒడ్డుకు తెచ్చి వాడరాదు.

ఇంట్లోనే చేసుకోదగినది

వారానికొకసారి, మగవారికి శనివారం, ఆడవారికి శుక్రవారం తలంటి పోసుకునే అలవాటు మన ఇళ్లలో ఉండేది. స్నేహనం, మర్దనం, స్వేదనం, ఉద్వర్తనం, స్నానం, విశ్రాంతి అన్నీ అందులో క్రమంగా ఇమిడి ఉన్నవి. పరిచారకులుగా అమ్మ, నాయనమ్మ, అత్తగారు ఉండేవారు. తిరిగి మొదలుపెట్టదలచినవారికి ఈ విధానం:

ముందు రోజు రాత్రి నిండుగా నిద్రపోవాలి. తిన్న ఆహారం జీర్ణమై ఉండాలి, అట్లని కడుపు కాలుతూ ఉండకూడదు. అరకప్పు నువ్వుల నూనెను వేడినీటి గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేయండి. పైత్య శరీరం వారు కొబ్బరి నూనె వాడవచ్చు. మాడుకు, చెవులకు, అరికాళ్లకు ప్రత్యేకంగా పట్టించి, ఒళ్లంతా పావుగంట మర్దించాలి. ఇది ఇంకొకరి చేత చేయించుకుంటే మేలు. మరొక పావుగంట నూనెను ఒంటికి పట్టనివ్వాలి.

సున్నిపిండికి: పెసలు అరకిలో, శనగలు పావుకిలో, నీడన ఎండిన నారింజ తొక్కలు 50 గ్రాములు, గంధ కచ్చూరాలు 50 గ్రాములు, పసుపు 10 గ్రాములు కలిపి విసిరించి జల్లించుకోండి. దీనితో పాదాల నుంచి పైకి రుద్దాలి. ఇదే ఉద్వర్తనం. కఫాన్ని, మేదస్సును కరిగించి అవయవాలకు స్థిరత్వాన్నిస్తుందని వాగ్భటుడు చెప్పాడు. తలకు కుంకుడు రసం శ్రేష్ఠం. మన ప్రాంతపు బోరు నీటిలో, ట్యాంకరు నీటిలో సబ్బు తెట్టెకట్టి ఒంటిని అంటుకుంటుంది. కుంకుడు రసానికి ఆ ఇబ్బంది తక్కువ.

మెడ కింద నుంచి వేడినీరు బలాన్నిస్తుంది. అదే వేడినీరు తలకు పోస్తే జుట్టుకు, కంటికి హాని. కనుక తలకు గోరువెచ్చని నీరే వాడాలి. స్నానాల గది నేల మీద నూనె జారకుండా గోనె పట్టా గానీ రబ్బరు పట్టా గానీ పరవండి. పెద్దవారికి పీట తప్పదు. గ్యాస్ గీజరు ఉన్న స్నానాల గదిలో ఆవిరి నిలవాలని కిటికీ, తలుపు బిగించడం ప్రాణాంతకం. అందులో పుట్టే విషవాయువుకు వాసన ఉండదు.

స్నానం ముగిసిన తరువాత తల తుడుచుకొని, గాలి తగలని చోట అరగంట పడుకోండి. వెంటనే ఏసీ గదిలోకి పోరాదు. ఆపైన వేడివేడి అన్నం, మిరియాల చారు, కొంచెం నెయ్యి. ఆ రోజు పగటి వేళ ఇతర శ్రమ పెట్టుకోకపోవడం మంచిది.

సంఘాల వారికి విన్నపం

ఆవిరి గదులను మూసివేయమని నేను కోరడం లేదు. కట్టినవాటిని మనుషులు వాడుకోదగినట్టు చేయమని కోరుతున్నాను. వాడే వేళలలో గది బయట ఒక మనిషిని ఉంచండి. ఒంటరిగా ఎవరినీ లోపలికి పంపవద్దు. తలుపు బయటికి తెరుచుకునేటట్టు, లోపల గొళ్లెం లేకుండా ఉండాలి. గోడ వెంబడి తలుపు దాకా చేయి పట్టుకునే కడ్డీ అమర్చండి. చరకుడు అరుగు కట్టమన్నది ఇందుకే. మొదటిసారి వచ్చేవారికి ఐదు నిమిషాలు, అలవాటైనవారికి పది నిమిషాలు మించనివ్వవద్దు. లోపలికి పోయేముందు నిద్ర పట్టిందా, ఏమైనా తిన్నారా, నీళ్లు తాగారా, ఏ మందులు వాడుతున్నారు, మద్యం ముట్టారా అని ఆ మనిషి అడగాలి. గోడకు అంటించిన కాగితం ఈ పని చేయలేదు.

దీనికి ఖర్చు ఎక్కువని కొందరు అనవచ్చు. చలువరాళ్లకు, రంగుల దీపాలకు పెట్టిన దానితో పోలిస్తే ఒక పరిచారకుడి జీతం ఏపాటిది? నెలకొకసారి జరిగే మీ సంఘం సమావేశంలో ఈ సంగతి ప్రస్తావించండి. ఇక ఇంటి విషయానికి వస్తే, వచ్చే శనివారం మీ నాన్నగారి మాడుకు మీరే నూనె పెట్టండి. ఆయన ముఖం రంగు చూస్తూ నీళ్లు పోయండి.